నీడ తొక్కే పిల్ల

నా చిన్నప్పుడు మన్సూరాబాద్ ఊరే, కాలనీ కాదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల కింద స్కూటర్లు నిలబెడుతున్న చోట రాళ్లు, తుప్పలు, మోదుగ చెట్లు ఉండేవి. ఆ మోదుగాకులతో విస్తళ్లు కుట్టి బతికే ఒక ముసలామె నన్ను పెంచింది. అందరం ఆమెను అవ్వ అనేవాళ్లం. మాలో ఒక్కరికీ ఆమెతో రక్తసంబంధం లేదు. మాలో మాకూ లేదు. గత్తర రోగంలో తల్లీతండ్రీ పోయిన అన్న, సంతలో ఎవరో వదిలేసి వెళ్లిన చిన్నోడు, నేను. నేనెక్కడి నుంచి వచ్చానని అడిగితే ఆకుల మోపులో దొరికావనేది అవ్వ. ఇంకోసారి అడిగితే పని చూసుకోమనేది.

అవ్వ కులమేదో ఊరికి తెలుసు. మా కులాలేవో ఊరు అడగలేదు, అవ్వ చెప్పలేదు. ఆమె విస్తరి పులుసు కారదు కాబట్టి పెళ్లిళ్లకు అందరికీ ఆమే కావాలి. అడిగితే తీసుకోవడం కుదరకపోవచ్చని వాళ్లకూ తెలుసు. అందుకే అడిగేవాళ్లు కాదు. మా బతుకు ఆ అడగకపోవడం మీదే నడిచింది. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది, అక్షరాలు వచ్చినట్టే.

మధ్యాహ్నాలు పందిరి కింద వరుసగా కూర్చుని కుట్టేవాళ్లం. అన్న ఆకులు ఏరి ఇచ్చేవాడు, చిన్నోడు పుల్లలు సన్నగా చీల్చేవాడు. నడిమి రెండు ఆకులను కలిపే మొదటి పుల్ల నాది. ఆ పుల్ల నిలిస్తేనే చుట్టూ మిగతా ఆకులు నిలుస్తాయి. అవ్వ అంచు తిప్పి ముగించేది.

చేతులు ఆడుతున్నంతసేపూ అవ్వ నోరు కథ చెప్పేది. ఏళ్ల తరబడి ఒకటే కథ. ఒక రాజ్యంలో మనుషుల నీడలకు రంగులుంటాయట. ఏ కులానికి ఆ రంగు. పసుపు నీడ వాళ్ల బావి వేరు, ఎర్ర నీడ వాళ్ల వీధి వేరు. బూడిద నీడ వాళ్లు మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ల కిందికి వచ్చి చేరినప్పుడే, బజారులో అడుగుపెట్టాలి. అమ్మానాన్న లేని పిల్లల నీడ మాత్రం ఉత్త నలుపు. దానికి రంగు దిద్దే వాళ్లు లేరు మరి. అలాంటి పిల్లలను ఊళ్లోంచి తరిమేస్తారు. వాళ్లు ఊరవతల గుహలో చేరి ఒకే పొయ్యి మీద వండుకుంటారు. రంగు లేని ఒక్కో పిల్లకు ఒక్కో శక్తి.

ఆ పిల్లలు ఎవరో అవ్వ చెప్పకపోయినా మాకు తెలుసు. ఒకడు బండకు చెవి ఆనిస్తే లోపల నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పగలడు, అది అన్న. పిట్టల మాటలు తెలిసినవాడు చిన్నోడు. నేను తడి కట్టెను ఊదితే మంట లేచేది. ఇంట్లో పొయ్యి ముట్టించేది నేనే కాబట్టి నాకా శక్తి. దాన్ని తలుచుకుని మురిసిపోయేదాన్ని, కొత్త పిల్ల వచ్చేదాకా.

ఒక పొద్దున ఎవరో ఒకాయన ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చాడు. నాకంటే ఏడాదో రెండేళ్లో చిన్నది. గడప దగ్గర అవ్వతో మెల్లగా ఆ పిల్ల కులం పేరు చెప్పి, ఉంచుకుంటావా అని అడిగాడు. గోడ వెనక నేనున్నాను. అవ్వ లోపలికి పోయి ఇంకో చెంబు తెచ్చింది, అంతే.

అవ్వ పక్కన పడుకునే చోటు నాది. అది ఆ పిల్లకు పోయింది. కొత్తది, బెదురుతోంది అన్నారు. వారం తిరగకుండానే మొదటి పుల్ల కూడా పోయింది. దాని వేళ్లు సన్నం, కుట్టు కనబడడం లేదని అవ్వ మురిసిపోయి నన్ను బయటి వరుసకు జరిపింది. అది కూడా ఓర్చుకునేదాన్నేమో. కానీ కథలోకి కూడా వచ్చేసింది. గుహకు కొత్తగా ఒక పిల్ల వచ్చిందనీ, ఆమె ఎవరి నీడను తొక్కితే ఆ నీడ రంగు ఊడిపోతుందనీ అవ్వ చెప్పింది. పుల్లలు చీలుస్తున్న చిన్నోడి చెయ్యి ఆగిపోయింది. నాకు పొయ్యి ఇచ్చి దానికి రాజ్యమే ఇచ్చినట్టు అనిపించింది. ఆ రోజు అన్నం తినలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు, అది ఇంకా మండించింది.

అప్పుడే పటేల్ ఇంట్లో పెళ్లి కుదిరింది. నెలంతా కుట్టాం. కట్టలు అప్పజెబితే వానాకాలానికి సరిపడా జొన్నలు ఇస్తామన్నారు. ఆ జొన్నలు లేకపోతే అవ్వ ఒక్కరినో ఇద్దరినో ఎక్కడైనా పనికి పెట్టక తప్పదు. అది మాకందరికీ తెలుసు. కట్టలు చేర్చిన మర్నాడు నేను ఒక్కదాన్నే పటేలమ్మ దగ్గరికి వెళ్లాను. ఎవరూ పంపలేదు. ఈ విస్తళ్లలో మొదటి పుల్ల కొత్త పిల్ల పెట్టిందని, ఆ పిల్ల ఫలానా కులమని చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పిల్లను పంపించెయ్యమంటారు, నా చోటు నాకొస్తుంది అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

పటేలమ్మ పసుపు కొమ్ములు ఎండబోస్తోంది. తల ఎత్తకుండా విన్నది. విని, “మంచిదే చెప్పినవ్. మరి నీదే కులమే, పిల్లా?” అన్నది.

నాకు నిజంగానే తెలియదు. అన్న కులం అడిగింది, చిన్నోడిది అడిగింది. అవీ తెలియవు. నేను ఇంటికి చేరేలోపే పటేల్ జీతగాడు బండి తోలుకొచ్చి కట్టలన్నీ మా గడప ముందు దించి పోయాడు.

ఎవరు చెప్పారని అవ్వ అడగలేదు. నా మొహం చూస్తే చాలు, అడగక్కరలేదు. ఆ మధ్యాహ్నం ఒక కట్ట విప్పి నా ముందు పెట్టింది. “ఆ పిల్ల పెట్టిన పుల్లలు తీసేసి ఇస్తే మిగిలిందంత తీసుకుంటరట. నీకు ఎరికనే గద ఏ పుల్ల ఎవలదో. కూసో, తియ్యి” అన్నది.

సిగ్గు లేకుండా కూర్చున్నాను. నా తప్పు సర్దుకునే దారి దొరికిందని సంబరం కూడా పడ్డాను. మొదటి విస్తరి తీసి నడిమి పుల్ల లాగాను. రెండాకులూ విడిపోయాయి, వాటిని పట్టుకుని ఉన్న మూడోది జారింది, నేను కుట్టిన బయటి వరుస మొత్తం ఊడి ఒళ్లో పడింది. ఆ రంధ్రంలో నా పుల్ల దూర్చాను. నిలవలేదు, వదులైంది. పక్కన గుచ్చితే ఎండిన ఆకు పెటుక్కున పగిలింది. ఇంకోటి తీశాను. నీళ్లు చల్లి చూశాను. ఇంకోటి. ఒడి నిండా ఆకు ముక్కలు, ఒక్క విస్తరి లేదు. నెల రోజుల చాకిరీ నా చేతులతో నేనే చింపుతున్నాను. అవ్వ ఆపలేదు. అన్న, చిన్నోడు, ఆ పిల్ల, ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. పటేలమ్మ అలాంటి మాటేదీ అనలేదని చాలా ఏళ్ల తర్వాత అన్న చెప్పాడు.

చివరికి నా చేతులు ఆగిపోయాయి. అవ్వ, “ఇయ్యాల కథ నువ్వు చెప్పు” అన్నది.

ఒళ్లోని ఆకు ముక్కలు దులిపి మొదలుపెట్టాను. తడి కట్టె ముట్టించే పిల్లకు కుళ్లు పుట్టిందని, రాజు దగ్గరికి పోయి గుహ సంగతంతా చెప్పేసిందని, అప్పుడు రాజు దీపం తెప్పించి నీ నీడ చూపించమని ఆ పిల్లనే నిలదీశాడని చెప్పాను. అక్కడితో ఆపేశాను. తర్వాతేమైందో నాకు తెలియదు.

వచ్చినప్పటి నుంచి నాలుగు మాటలకు మించి మాట్లాడని కొత్త పిల్ల అప్పుడు నోరు విప్పింది. “నేను పోయి ఆమె నీడ మీద నిలవడ్త. రాజుకు ఏం కనవడది.”

“అట్లయితే ఇద్దర్నీ కలిపి తంతడు రాజు” అన్నాడు అన్న. చిన్నోడు పడీపడీ నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను. తెలిసే అన్నదా, తెలియక అన్నదా అని ఆ పిల్ల మొహం చూశాను. తెలిసే అన్నది. ఆ రోజు ఆమెమీద ఇంకా ఎక్కువ కుళ్లు పుట్టింది. ఆ మాట నాకెందుకు తట్టలేదని.

మర్నాడు మిగిలిన కట్టలు నెత్తిన పెట్టుకుని అవ్వ, నేను మలక్‌పేట దాకా నడిచాం. బరువైన కట్ట నాకే ఇచ్చింది. అక్కడ ఒక హోటలాయన విస్తరిలో నీళ్లు పోసి పైకెత్తి చూశాడు. చుక్క కారలేదు. ఎవరు కుట్టారని అడగలేదు, వారం వారం తెమ్మన్నాడు. ఆ వానాకాలం జొన్నలు తక్కువే దొరికాయి. గంజి పలచగా తాగాం. కానీ ఇంట్లోంచి ఎవరూ బయటికి పోలేదు. మొదటి పుల్ల మళ్లీ నాకు రాలేదు, నేనూ అడగలేదు.

అవ్వ పోయింది, అన్నా చిన్నోడూ పోయారు. మేమిద్దరం మిగిలాం. ఇప్పటికీ నేను కొత్త పిల్ల అనే పిలిచే ఆమెకు ఇప్పుడు మునిమనవడున్నాడు. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో దాని మనవరాలికి కోచింగ్ సెంటర్ దగ్గర కిరాయి గది చూడ్డానికి ఇద్దరం వెళ్లాం. ఇంటామె కూర్చోమని, మంచినీళ్లిచ్చి, మెల్లగా మీరు ఏ కులం వాళ్లమ్మా అని అడిగింది. నేను నేల చూశాను. పటేలమ్మ అడిగిన ప్రశ్నే. కొత్త పిల్ల గ్లాసు కింద పెట్టి, “ఇస్తార్లోళ్లం” అన్నది. విస్తళ్లు కుట్టేవాళ్లమని ఇంటామెకు అర్థం కాలేదు. గది ఇవ్వలేదు కూడా. బయటికి వచ్చాక ఇద్దరం మెట్రో మెట్ల దగ్గర కూర్చుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఆ జవాబు కూడా దానికే తట్టింది. ఎల్‌బీ నగర్ వైపు సాయంత్రం నడకకు వెళ్లి తిరిగొస్తుంటే ఎండ వెనక నుంచి పడి నా నీడ ముందుకు సాగుతుంది. మోకాళ్ల నొప్పులున్నా కొత్త పిల్ల రెండడుగులు గబగబా వేసి వెళ్లి నా నీడ మీదే నడుస్తుంది. నేను అడ్డు చెప్పను. దానికి అందేలా కాస్త నెమ్మదిగా నడుస్తాను.