మోటరుకు బొట్టు

మొన్న దసరా నాడు పొద్దుగాల్నే మా ఆయన మోటర్లు ఇప్పే పానాలన్నీ కడిగి, పీట మీద పరిచి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన. నా చేతుల తడి ఇంకా ఆరనేలేదు, మా ఆయన ఫోను మోగింది. ఎవరిదో బోరు మోటరు ఆగిందట. కొబ్బరికాయ కొట్టకముందే బొట్టున్న పానా తీసి సంచిల ఏసుకున్నడు. "పండుగ పూట జర ఆగరాదు" అన్న. "ఆగితే ఇంకొకన్ని పిలుసుకుంటరు" అని బండికి కిక్కు కొట్టిండు. నాకు ఒళ్లు మండింది. మా అత్త ఉంటే ఈ పని కానిచ్చేది గాదు.

మా అత్తకు పట్టింపులు రెండే. చాయ్‌ల చక్కెర ఎక్కువ పడాలె. దసరా నాడు బొట్టు పెట్టిన పనిముట్టును తెల్లారేదాక ఎవ్వరూ ముట్టొద్దు. "ఏడాదంత మన కోసం అరిగినయి, ఒక్క దినం పండనియ్యుండ్రి" అనేది. ఆమె కత్తిపీటకు గూడ బొట్టు పెట్టేది, ఇగ నేను కూరగాయలు దేంతోని కోయాలె? లోపల్లోపల గొణుక్కుంట ముందురోజే కోసి పెట్టుకునేదాన్ని. ఒక యేడు మర్చిపోయి కత్తిపీట మీద చెయ్యేస్తే, నా చేతిల కెల్లి గుంజుకున్నది మహాతల్లి. ఆ పండుగకు పప్పుచారుతోనే సరిపెట్టుకున్నం.

అప్పుడు మేం హుజూర్‌నగర్ దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీ పక్క ఊర్ల ఉండేది. మా ఆయన ఫ్యాక్టరీ పంపుహౌసుల ఫిట్టరు. ఫ్యాక్టరీకి, కాలనీకి నీళ్లు తోడే పెద్ద మోటరు ఆయన చేతికింద ఉండె. నాకు చీర తెచ్చుడు మర్చిపోయిండు గని దసరాకు ఆ మోటరుకు బంతిపూల దండ తెచ్చుడు ఎన్నడూ మర్చిపోలే. బొట్టు పెట్టి దానికి దండం పెట్టుకునేటోడు. మా అత్తకేమో దమ్ము రోగం, లేసిందంటే ఊపిరాడదు. ఊర్లనేమో సిమెంటు దుమ్ము, ఇగ చెప్పేదేముంది! కని ఫ్యాక్టరీ లోపల నౌకరోళ్ల ఇంటోళ్లకు దవాఖాన ఉండె. దమ్ము లేసినప్పుడల్లా తీస్కపోతే మూతికి గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టేటోళ్లు. కాసేపటికి లేసి కూసొని "చాయ్ ఏదే?" అనేది. అక్కడి నర్సమ్మకు, మా అత్తకు మంచి దోస్తాన.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు ఒకనాడు ఈయనను ఆఫీసులకు పిలిచిండ్రు. ఇగ నువ్వు నౌకరోనివి కాదు, కాంట్రాక్టరువు అన్నరు. పని అదే, మోటరు అదే. పానాలు మాత్రం నీయి నువ్వే తెచ్చుకోవాలె, హెల్పరు కావాలంటే గూడ నువ్వే తెచ్చుకో అన్నరు. మా తమ్ముడు ఈ కబురు విని, బావ ఇగ తెల్లంగి ఏసుకొని జీపుల తిరుగుతడనుకొని, మిఠాయి డబ్బా పట్కొని ఉరికొచ్చిండు. ఆ మిఠాయి మాకెవ్వరికీ గొంతు దిగలే. లీవులు పోయినయి, పీఎఫ్ పోయింది, పండుగకిచ్చే బట్టలు పోయినయి. అయన్నీ పోనీ. దవాఖాన పోయింది.

ఆ నాటి నుంచి ఈయన నిమ్మలంగ కూసున్నది లేదు. అన్నం తినుకుంట గూడ చెవి ఫ్యాక్టరీ దిక్కే. జరమొచ్చినా పోయేటోడు, పోకుంటే ఆ దినం కూలి లేదు. నా చెవేమో అత్త దమ్ము మీద. ఆమె దగ్గితే ఇద్దరం ఒక్కతీరుగ లేసి నిలబడేది. హుజూర్‌నగర్ తీస్కపోవాలంటే ఆటో దొరకాలె, అందాక ఆమెకు ఊపిరాడాలె. పనిల చెయ్యి పెడితే పని సాగకపోయేది నాకు, ఒకటే గుబులు.

ఆ యేడు దసరాకు ఈయన దండ కొనుక్కొని పోతే, గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు. "ఇయ్యాల పూజ స్టాఫోళ్లకేనట అన్నా. నన్ను అనకు" అన్నడు. దండ పట్కొని అట్లనే వాపసొచ్చిండు. అత్త చూసింది. "పానాలు నీయే గదరా ఇప్పుడు, ఇంట్లనే పెట్టు" అన్నది. మోటరంత మోటరుకు తెచ్చిన దండ, పానాల మీదేస్తే అవి కనవడనే లేదు.

మధ్యాన్నం అత్తకు దమ్ము లేసింది. ఆటోలోళ్లకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టినం, పండుగ పూట ఎవడొస్తడు? అంతల ఫ్యాక్టరీ నుంచే ఫోను. పూజకు బందు వెట్టిన మోటరు మల్ల లేస్తలేదట, కాలనీల చుక్క నీళ్లు లేవట, ఉరికి రావాలట. "మా అమ్మకు దమ్ము ఆడుతలేదు సార్, మీ దవాఖానల చూస్తమంటే వస్త" అన్నడు ఈయన. రూలు ఒప్పుకోదు, ముందు నువ్వు రా అన్నరట. ఈయన ఫోను మంచంల ఇసిరేసి, "పానాలకు బొట్టు పెట్టినం, తెల్లారేదాక ముట్టను" అన్నడు.

అత్త ఎగపోసుకుంట లేసింది. పీట కాడికి పోయి, తన చేతుల్తోనే దండ పక్కకు తీసి, పానాలన్నీ సంచిల ఏసింది. నా చేతిల కత్తిపీట గుంజుకున్న మనిషి! "హెల్పరును... తెచ్చుకోమన్నరు గదరా. నడువు" అన్నది.

బండి మీద ఈయన, నడుమ సంచి పట్టుకొని అత్త, ఆమెను పట్టుకొని ఎనక నేను. గేటు కాడ వాచ్‌మన్ "ఈమె ఎవరన్నా?" అన్నడు, ఎరుక లేనట్టు. "హెల్పరు" అన్నడు ఈయన. "మరి ఈమె?" "హెల్పరుకు హెల్పరును" అన్న నేనే. వాచ్‌మన్ గేటు తీసి అటు దిక్కు మల్లిండు. ఈయన పంపుహౌసుకు, మేం దవాఖానకు. నర్సమ్మ ఏమీ అడగలే, గొట్టం పెట్టింది. కాలనీ నల్లాలల్ల నీళ్లొచ్చే యాళ్లకు అత్త కండ్లు తెరిచి "చాయ్ ఏదే?" అన్నది. అప్పుడు ఏడ్సిన నేను, ఆపుకోలేక.

ఆ ఉపాయం ఒక్కసారికే పనిచేసింది. హెల్పర్లకు ముందుగాల్నే పర్మిషన్ ఉండాలని తెల్లారే చెప్పిండ్రు. ఎండకాలం ఇంకోసారి దమ్ము లేసినప్పుడు, ఆటో ఇంకా తొవ్వలుండంగనే అత్త నా ఒళ్లె పానం ఇడిసింది. ఈయన మోటరు ఇంకొకలకు అప్పజెప్పి వచ్చేసరికే అంతా అయిపోయింది. దినాలు కాంగనే ఆ పనికో దండం పెట్టి హుజూర్‌నగర్ వచ్చేసినం. ఇప్పుడు ఎవరి బోరు ఆగినా ఈయనే. పోకుంటే కూలి కోసేటోడు ఎవడూ లేడు, అయినా కూసోనీకె చేతనైతలేదు.

మొన్న దసరా నాడు పొద్దుమూకంగ వచ్చి, పానా కడిగి, పీట మీద ఎప్పటి జాగల్నే పెట్టిండు. బొట్టు గ్రీజుల కలిసిపోయింది, నేను మల్ల పెట్టిన. ఆయన కాళ్లు కడుక్కునేతందుకు పోయినప్పుడు ఫోను తీసి కొంగుల ముడేసుకున్న. "ఎవరన్న చేసిండ్రా?" అన్నడు. "ఎవ్వరూ చెయ్యలే, కూసో" అన్న. కొంగుల అది గుర్రుమంటనే ఉంది. అత్త ఉన్నప్పుడు కాలం ఏడాదికొక్క దినమన్న తనంతట తానే ఆగేది. ఇప్పుడు దాన్ని కొంగుల కట్టేస్తే తప్ప ఆగుతలేదు.