ఉగ్గాని తిన్న ఆదివారం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద భక్తికి లోటు లేదు. వచ్చిన చిక్కల్లా ఆకలితోనే. ఇరవై రెండేళ్లవాణ్ణి, ఆళ్లగడ్డలో రాతిబొమ్మలకు నునుపు పెట్టే పనిలో కొత్తగా చేరాను. ఓపిక అంటే ఏమిటో ఆరు రోజులు రాయి నేర్పేది, ఏడో రోజు నా పొట్ట మరిచిపోయేది. దివ్యసత్ప్రసాదం (చర్చి పూజలో ఫాదర్ నోట్లో పెట్టే చిన్న అప్పం) తీసుకునే ముందు ఒక గంట ఏమీ తినకూడదని మా కతోలికుల నియమం. మా అవ్వ పాతకాలం మనిషి, ముందురోజు రాత్రి నుంచే నోట్లో ఏమీ వేసుకునేది కాదు (మంచినీళ్లు కూడా). ఆమె ఉపవాసం పాటిస్తే నేను ఉపాయం పాటించేవాణ్ణి. నియమం పూజకు ముందు గంట కాదు, సత్ప్రసాదానికి ముందు గంట. మా నంద్యాల చర్చి ఫాదర్ ప్రసంగం నలభై నిమిషాలకు తగ్గదు. కాబట్టి ఎనిమిదింటి పూజకు ఐదు నిమిషాల ముందు దాకా తిన్నా, నా వంతు వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఊరు మొత్తం మీద ఆయన ప్రసంగాన్ని అంతగా నమ్ముకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కంటి ఆపరేషన్ అయ్యాక మూడు నెలలుగా చర్చి ముఖం చూడని అవ్వ ఒక శనివారం పట్టుబట్టింది. "రేపు నంద్యాలకు పోవాల్సిందే. సామిని తీసుకోక శానా దినాలయింది." సత్ప్రసాదాన్ని ఆమె సామి అనేది. చూపు ఇంకా మసకే, మోకాళ్లు సరేసరి, బలిపీఠం దాకా నడవాలంటే నా చెయ్యి కావాలి. నంద్యాలలో బస్సు దిగి, చర్చిలో ముందు బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి లేచాను.

"యాడికి పోతాండావ్ రా?"

"కొవ్వొత్తి తెస్తానవ్వా."

సందు చివరి హోటల్లో బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కానిచ్చి (కొవ్వొత్తి మరిచిపోయి) తిరిగొచ్చాను.

ఫాదర్ సువిశేషం చదివి, "జలుబు చేసి గొంతు పోయింది, ఈరోజు రెండు మాటలే చెబుతాను" అన్నారు. చెప్పినవి నిజంగా రెండు మాటలే. చర్చిలో అందరి ముఖాలూ వెలిగాయి. నేనొక్కణ్ణే ఆయన గొంతు బాగుపడాలని కన్నీళ్లతో ప్రార్థించాను (బజ్జీల ఘాటు కూడా కొంత తోడైంది). సత్ప్రసాదం పంచే వేళకు ఫోన్ చూస్తే ఎనిమిదిన్నర.

అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. "లెయ్యబ్బీ, పోదాం."

ఆమెను నడిపించి, నేను తీసుకోకుండా పక్కన నిలబడితే సరిపోయేది. కానీ అందరి కళ్ల ముందు ఫాదర్ దాకా వెళ్లి, నోరు తెరవకుండా తిరిగొస్తే ఏ ఘనకార్యం చేశాడో అనుకోరూ? "తల నొస్తాందవ్వా, లేయలేను" అన్నాను. వెనక బెంచీలో ఒకామె, "నేను తోడుకొని పోతా, రాండవ్వా" అంది. "వద్దులేమ్మా, బిడ్డకు బాగలేదు" అని అవ్వ నా పక్కనే కూర్చుని, వరుస కదిలినంతసేపూ నా నుదురు నొక్కింది. రాత్రి నుంచి ఖాళీగా ఉన్న ఆమె కడుపు చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

పూజ అయ్యాక నన్ను తీసుకుని ఆ హోటల్‌కే దారి తీసింది. "ఒట్టి కడుపుతో ఉంటే తల నొయ్యక ఏం జేస్తాది? తిను." హోటలాయన నన్ను చూశాడు, అవ్వను చూశాడు, నాకు మాత్రం సగం ప్లేటే పెట్టాడు.

అవ్వ మళ్లీ చర్చి మెట్లెక్కలేదు. వర్షాలు, ఆపైన జ్వరం, ఆపైన మంచం. ఒక ఉదయం ఫాదరే మా పల్లెకు సత్ప్రసాదం తెచ్చారు. అవ్వ నోరు తెరవబోయి, ఆగి, నా వైపు తిరిగింది.

"ఏమన్నా తిన్యావా రా?"

"లేదవ్వా." (ఆ రోజు అది నిజమే.)

"కొవ్వొత్తికి గూడా పోలేదా?"

తల వంచుకుని, "పోలేదు" అన్నాను.

"అయితే సామీ, వీనికి గూడా పెట్టండి. ఆ పొద్దు ఇద్దరం తీసుకోకపోతిమి."

ఫాదర్ ఆ చిన్న అప్పాన్ని రెండుగా విరిచారు.

గురువారం చర్చిలో సత్ప్రసాద ఆరాధనకు కూర్చున్నప్పుడు ఆ సగం ముక్కే గుర్తొస్తుంది. ఆ గంటను నేను గడియారంలో వెతికాను, అవ్వ ఆకలిలో దాచుకుంది. ఆమె బతికుండగా ఒక్కసారైనా నోరు తెరిచి తప్పు ఒప్పుకోలేదన్నదే నా బాధ. ఇప్పుడు ఆదివారాలు ఖాళీ కడుపుతో ఆ హోటల్ దాటుకుని వెళ్తాను. ఇప్పుడున్న ఫాదర్‌ది కంచు గొంతు, ప్రసంగం గంటకు తగ్గదు. ఆ రోజు నేను చేసిన ప్రార్థన కాస్త ఆలస్యంగా ఫలించింది.