రెండు ఎనిమిదులు, ఒకే మచ్చ

ఇంటి అప్పులిచ్చే ఆ ఆఫీసులో ఆమెను భూతద్దం అక్క అంటారు. ఎవరి పన్ను కాగితమైనా సరే, తెర మీద తలకిందులు చేసి, పెన్ను మూత కొరుకుతూ, అంకెల్ని బొమ్మల్లా చూస్తుంది. పేరు ఆఖరున చదువుతుంది. ఆ రోజు ఆదాయం వరుసలో రెండు ఎనిమిదుల నడుము మీద ఒకే దుమ్ము మచ్చ కనిపించింది. అంటే, ఒకదాన్ని కాపీ చేసి రెండోచోట అతికించారన్నమాట! కంప్యూటర్ సరేనన్న కాగితాన్ని ఆమె ఆపేసింది.

సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి మండిపడ్డాడు. "ఆ కాగితం నాదని తెలిసే ఆపావా, అక్కా?"

"పేరు చూడకముందే ఆపాన్రా. చూశాక, నా కళ్ళదే తప్పేమోనని మూడుసార్లు చూశాను. మచ్చ అక్కడే ఉంది."

 వారం తర్వాత వాడు ఆఫీసుకొచ్చి, అందరి ముందూ, అంకెలు మార్చని అసలు కాగితాన్ని తనే తలకిందులుగా తిప్పి ఆమె చేతికిచ్చాడు.