రత్నరాజుగారి టెస్ట్ డ్రైవ్

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది నన్ను మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఒక అలర్జీ క్లినిక్‌కి క్లినికల్ ఫార్మసిస్ట్‌గా వేశారు. మందు రాసే అధికారం డాక్టరుది. ఉన్న మందుల్ని పోల్చి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వాడకం మొదలయ్యాక మంచిచెడ్డలు గమనించడం నా పని. రిటైరయ్యేవరకు అక్కడే చేశాను.

ఆ వేసవిలో రత్నరాజుగారు, ఆయన కూతురు గ్రేస్ వచ్చారు. ఆయనది కాకినాడ, ఇక్కడ కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజనీరు. ఇద్దరికీ వంశపారంపర్యంగా వచ్చే అరుదైన వాపు జబ్బు ఉంది. ఉన్నట్టుండి పెదవులో, చేతులో, కడుపు లోపలో వాచిపోతుంది. అలర్జీ మందులకు లొంగదు. గొంతు వాచిందంటే ఊపిరాడదు, గ్రేస్‌కి ఒకసారి అంతపనీ అయింది. ఇంకొన్ని వారాల్లో ఆ పిల్ల కాలేజీ డార్మ్‌కి, అంటే హాస్టల్‌కి, వెళ్లాలి. అక్కడ గొంతు వాస్తే ఎవరు చూసుకుంటారన్నది తండ్రి బెంగ.

వాపు రాకుండా ముందునుంచే వాడే మందులు మూడింటిని పోల్చి చూపించాను. ఒకటి వారానికి రెండుసార్లు చర్మం కింద వేసుకునే ఇంజెక్షన్, ఇంకోటి రెండు వారాలకోసారి వేసుకునేది, మూడోది రోజూ భోజనంతో మింగే క్యాప్సూల్. ఏది ఫస్టో చెప్పమన్నారు రత్నరాజుగారు. చెప్పలేనన్నాను. ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి పోటీపెట్టి పరీక్షించలేదు. ఒక్కోదాన్నీ విడిగా మందులేని ఉత్తుత్తి డోసుతో పోల్చారు. వేర్వేరు రోడ్ల మీద నడిపిన కార్ల మైలేజీలాంటివే ఆ అంకెలు అన్నాను. అదే నా కొంప ముంచింది.

“అయితే ఒకే రోడ్డు మీద నడుపుదాం మేడమ్. ముందు మూడూ వరసగా నాకివ్వండి. నాకేది పడితే అది పాపకిద్దాం. తేడా వస్తే నాకే వస్తుంది కదా,” అన్నారు.

మందుకీ మందుకీ మధ్య ఎంత విరామం ఇవ్వాలో కూడా ఆలోచించి పెట్టుకున్నారు. నవ్వొచ్చింది నాకు, ఆ మనిషి మీద ఇష్టమూ కలిగింది. జబ్బు ఒకటే అయినా ఒళ్లు వేరని చెప్పాను. గ్రేస్‌కి నెలసరి రోజుల్లోనూ, పరీక్షలప్పుడూ వాపు ఎక్కువ. ఆయనకి దెబ్బ తగిలినప్పుడే. పైగా ఆయన ప్రయోగం పూర్తయ్యేదాకా ఆ పిల్ల డార్మ్‌లో వాపు రాకుండా ఆపే మందేదీ లేకుండా ఉండాలి.

ఆయన తల దించుకుని, “దానికి నా నుంచే కదండీ వచ్చింది,” అన్నారు.

“డాడీ, నీ నోస్ కూడా నాకొచ్చింది. నేనేమైనా కంప్లైంట్ చేశానా?” అంది గ్రేస్. తర్వాత నాతో, “ఆంటీ, డైలీ క్యాప్సూల్ అంటే నేను మర్చిపోతాను. వీక్‌లో టూ టైమ్స్ కూడా స్కిప్ చేస్తాను. టూ వీక్స్‌ది ఇవ్వండి,” అంది.

డాక్టరు అదే రాశారు. ఇంజెక్షన్ వేసుకోవడం నేర్పిన రోజు గ్రేస్ తన పొట్టకి తనే చక్కగా వేసుకుంది. రత్నరాజుగారు మాత్రం గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నారు. చిన్నప్పటినుంచీ డాడీకి సూదంటే భయమని ఆ పిల్ల చెప్తే అప్పుడు తెలిసింది నాకు. తన జబ్బుకి ఆయన క్యాప్సూలే తీసుకున్నారు.

మొదటి సెమిస్టర్‌లో గ్రేస్‌కి ఒక్కసారి చెయ్యి వాచింది. వాపు వస్తే వేసుకోమని డాక్టరు ముందే ఇచ్చిన అత్యవసర మందు వేసుకుని క్లాసుకి వెళ్లింది. గొంతు జోలికి రాలేదు.

మందుల్ని పోల్చడం నా చదువు నేర్పింది. వాడే మనిషి రోజు ఎలా గడుస్తుందో ఆ మనిషినే అడగాలని ఈ ఇద్దరూ నేర్పారు. ఎంత ప్రేమ ఉన్నా, తండ్రి ఒంటి మీద చేసిన పరీక్ష కూతురికి చెల్లదు.