పళ్లకు రాసుకున్న పొడి

మొదటి లాక్‌డౌన్ రోజులవి. మధ్యాహ్నం అన్నంలో పచ్చిపులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోగానే కుడివైపు కింది చిగురు భగ్గుమంది. నాలుకతో తడిమితే గరుకుగా తగిలింది. పన్ను పుచ్చి ఉంటుందనుకున్నాను. పుచ్చిపన్ను ప్రాణం మీదికి తెస్తుందని ఎవరనుకుంటారు?

మాది సిరిసిల్ల దగ్గర పల్లె, బతుకుదెరువుకు గుజరాత్‌లోని సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నా భర్త పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. నేను, మా అత్త రాజవ్వ ఇంట్లోనే చీరల దారాలు కత్తిరిస్తాం. ఊళ్లోని సలాబత్‌పురా దుకాణాల నుంచి చీరల మూటలు వస్తాయి. ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి పంపాలి. పొద్దంతా తల వంచుకుని కూర్చుని చేసే పని. గల్లీలో ఆడవాళ్లం కొందరం ఒకచోట చేరేవాళ్లం. మధ్యలో చాయ్, ఖారీ బిస్కట్, మళ్లీ చాయ్, ఆ తర్వాత బజ్జర్.

బజ్జర్ అంటే ముక్కుపొడిలాంటి గోధుమరంగు పొడి. ఇక్కడి ఆడవాళ్లు వేలితో తీసి చిగుళ్లకు రాసుకుంటారు. మొదటి కాన్పు తర్వాత నాకు పంటినొప్పి వస్తే మా అత్తే రాసింది. "జర మండుతది, ఓర్చుకో. గంటల తక్కువైతది" అంది. నిజంగానే తగ్గింది. తర్వాత నొప్పి లేకపోయినా రాశాను. పొద్దున పళ్లు తోమేటప్పుడు ఒకసారి, చాయ్ తాగాక ఒకసారి, పని మీద విసుగు పుడితే ఇంకోసారి. డబ్బాలోది పాత కుంకుమ భరిణెలో పోసి, అద్దం దగ్గర బ్రష్షుల పక్కన పెట్టేవాళ్లం. గుట్కా నమిలి గోడల మీద ఉమ్మే మగవాళ్లను మాత్రం నోరారా తిట్టేదాన్ని. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఆ సామెత నా కోసమే పుట్టినట్టుంది.

కరోనా వచ్చాక ఒకే భరిణెలో అందరూ వేలు పెట్టకూడదని తెలివిగా ఎవరిది వాళ్లు కొనుక్కున్నాం. దుకాణాలు మూసినా వెనక తలుపు దగ్గర దొరికేది. సొంత డబ్బా చేతికందేంత దూరంలో ఉండేసరికి వాడకం పెరిగింది. పళ్ల డాక్టర్లు తలుపులు మూసేశారు. నొప్పి ఎక్కువైన కొద్దీ ఇంకాస్త రాశాను. తిమ్మిరెక్కి కాసేపు హాయిగా ఉండేది.

వానాకాలానికి పన్ను కదలడం మొదలుపెట్టింది. అప్పుడే క్లినిక్ తెరిచిన ఒక పళ్ల డాక్టర్ మాస్కు మీద మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం పెట్టుకుని దూరం నుంచే చూసి, పన్ను పీకి పంపాడు. ఆ గుంత పూడలేదు. నెల దాటినా పుండు మానలేదు. దవడ కింద గోలీ అంత గడ్డ చేతికి తగిలింది. అప్పుడు భయం వేసింది.

కాన్సర్ ఆసుపత్రికి మా అమ్మాయి మౌనిక తోడు వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇంట్లో తెలుగు, బయట హిందీ, గుజరాతీ. డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "తంబాకూ?" నేను తల అడ్డంగా ఊపాను. మా అమ్మకు అలాంటి అలవాట్లేవీ లేవని మౌనిక కూడా హిందీలో గట్టిగా చెప్పింది. మేం అబద్ధమాడలేదు. మా లెక్కలో పొగాకంటే బీడీ, గుట్కా. మాది పళ్లపొడి.

డాక్టరమ్మ నోట్లోకి టార్చి వేసి చాలాసేపు చూసింది. పళ్లు దేంతో తోముతావని అడిగింది. చెప్పాను.

"ఎక్కడ రాస్తావో చూపించు."

అలవాటు మీద చూపుడువేలు పెదవి లోపలికి పోయి, సరిగ్గా పుండు మీద ఆగింది.

"వహీ తో తంబాకూ హై, బెహన్" అంది డాక్టరమ్మ. అదే కదమ్మా పొగాకు అని. మౌనిక నా మొహం వైపు చూడలేదు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి కాన్సర్ అని తేలింది. స్కాన్ చూసి మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి, అదే నోడ్స్‌లోకి కూడా పాకిందన్నారు. తిండి గురించీ అడిగారు. కూరగాయలు ఎప్పుడు, పండు ఎప్పుడు, నడక ఉందా అని. చాయ్, బిస్కట్, అన్నం, తొక్కు, అంతే నా జవాబు. "అసలు కారణం పొగాకే. ఆకుకూరా పండూ లేని తిండి దానికి తోడై ఉండొచ్చు" అంది డాక్టరమ్మ.

ఆపరేషన్‌కు ముందు చేసిన కరోనా టెస్టు పాజిటివ్ వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు, అయినా నెగటివ్ వచ్చేదాకా ఆగాలన్నారు. నేను ఆగగలను, పుండు ఆగదు కదా. గదిలో ఒక్కదాన్నే ఉండి రోజూ అద్దంలో చూసుకునేదాన్ని. చెంప బయటికి కూడా ఉబ్బింది. నా జన్మలో అంతగా భయపడింది ఆ రోజుల్లోనే.

చివరికి ఆపరేషన్ జరిగింది. దవడ ఎముక పై అంచు, దాని మీది పళ్లు, మెడలోని నోడ్స్ తీసేశారు. తిండి పోయడానికి ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేశారు. తర్వాత రేడియేషన్. నోరంతా పొక్కింది. మంచినీళ్లు కూడా మండేవి. రుచి పోయింది, లాలాజలం ఎండిపోయింది.

ఇంట్లో ట్యూబ్‌లోంచి జొన్నంబలి, పప్పుకట్టు వడకట్టి పోసింది మా అత్తే. ఒకరోజు పోస్తూ పోస్తూ ఆగింది. "నేను నీకన్న ముందుగాల్నుంచి రాస్తున్న. నాకు గాక నీకెందుకొచ్చిందే బిడ్డా?" అంది. అప్పటికి నాకింకా మాట సరిగ్గా రావడం లేదు. తర్వాత మౌనిక అదే మాట డాక్టరమ్మను అడిగింది. "కళ్లు మూసుకుని రింగ్‌రోడ్డు దాటిన వాళ్లందరినీ లారీ గుద్దదు. అలాగని దాటమంటామా?" అందట ఆమె.

అయినా అత్త మానలేదు. నాకు అంబలి పోసి, పక్కగదిలోకి వెళ్లి తన పొడి తాను రాసుకునేది. ఆ వాసన నాదాకా వచ్చేది. నిజం చెప్పాలంటే ఆశ పుట్టేది, కానీ నోరూరడానికైనా లాలాజలం ఉండాలి కదా. మాట తిరిగాక, నోరు చూపించుకుందాం రమ్మని అడిగాను.

"నా పండ్లు గట్టిగున్నయ్. నన్ను దవాఖానల పొంటి తిప్పకు. పోయేటి పానం పోతది" అంది.

మౌనిక అందుకుంది. "బాపమ్మా, మమ్మీకి ట్యూబ్‌ల నువ్వు పోసినవ్. రేపు నీకెవ్వరు పోస్తరు? నాకు కాలేజ్ ఉంటది. మమ్మీకి చేతులల్ల తాకత్ లేదు."

అత్త కొన్నాళ్లు మనవరాలి మీద అలిగింది. ఒక పొద్దున తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని, "ఆటో పిలువుండ్రి" అంది.

అప్పటికి రెండో వేవ్ తగ్గింది. అదే గది, అదే డాక్టరమ్మ. "తంబాకూ?" అని అడిగింది. అత్త కొంగు సర్దుకుంది.

"ఉన్నది. పండ్లకు రాస్త. గీ కోడలు పిల్లకు గూడ నేనే నేర్పిన."

డాక్టరమ్మ మౌనిక వైపు చూసింది. మౌనిక ఆ మాట హిందీలో చెప్పలేకపోయింది. నేనే నా ముద్దమాటల్లో "హా, లగాతీ హై" అన్నాను, అవును, రాస్తుంది అని. నాకు నేర్పిందన్న మాట చెప్పలేదు.

అత్త చెంప లోపల తెల్లమచ్చ కనిపించింది. బయాప్సీ చేశారు. కాన్సర్ కాదు, ముదిరితే కాన్సర్ కాగల ల్యూకోప్లేకియా మచ్చ అన్నారు. మానేస్తే తగ్గే వీలుంది, చూపించుకుంటూ ఉండాలని చెప్పారు. మానింది. మొదట్లో ఇంట్లో అందరినీ సతాయించింది, అయినా మానింది.

ఇప్పుడు చెకప్‌కు ఇద్దరం ఒకే ఆటోలో పోతాం. నాకు కుడివైపు కింది పళ్లు లేవు. కారం తినలేను. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకుని తింటాను. ఆకుకూర మెత్తగా ఉడికించుకుంటాను. ఫోన్లో నా మాట కొందరికి అర్థం కాదు, రెండోసారి చెప్తాను. దారాల పనికి మళ్లీ కూర్చుంటున్నాను.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. పొగాకు అలవాటు ఉందా అని డాక్టర్ అడిగితే లేదనకండి, ఉందనకండి. పళ్లకు రాసేది, చెంపలో పెట్టేది, ముక్కుతో పీల్చేది ఏదైనా సరే, ఆ డబ్బా తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టండి. అది పొగాకో కాదో ఆయనే చెప్తాడు. నేను పెట్టలేదు. ఆ పళ్ల డాక్టర్ ముందే పెట్టి ఉంటే, ఈ రొట్టె నానబెట్టకుండానే తినేదాన్నేమో.