డాబా మీది ఆకాశం

ఇంటర్ అయిపోయినంక నాది ఒక్కటే మొండిపట్టు: చదివితే ఆస్ట్రోఫిజిక్సే చదువుతా. ఆ డిగ్రీ కోసం వేరే రాష్ట్రం పోవాలె. దిల్‌సుఖ్‌నగర్‌ల మామూలు ఫిజిక్స్ సీటేమో చేతిల ఉంది. పోచంపల్లిల మగ్గం ఇడిశిపెట్టి ఈడ చీరల దుకాణం పెట్టిన మా నాయిన, "పడుగు లేకుంట పేక యాడ నిలుస్తది బిడ్డా? ముందుగాల ఫిజిక్స్ చదువు" అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. ఆయనతోని మాట్లాడుడే బంద్ పెట్టిన.

నన్ను దారికి తెచ్చింది మా పై పోర్షన్ల కిరాయికుండే సారు. ఆంధ్ర నుంచొచ్చి కోచింగ్ సెంటర్ల ఫిజిక్స్ చెప్పేటాయన. "ఆకాశం ఎక్కడికీ పోదమ్మా. ముందు ఫిజిక్స్‌లో చేరు. నక్షత్రాల సంగతి మన డాబా మీద నేను చెప్తాగా" అన్నడు. గా మాట నమ్మే చేరిన.

అన్నట్టే ఆదివారం పొద్దుగూకంగనే డాబా ఎక్కేటోళ్లం. రంగును చూసి నక్షత్రం ఎంత వేడిగున్నదో ఎట్ల చెప్పొచ్చో నేర్పిండు. నాయిన గూడ వచ్చి కూసుండి, "రంగుల ముచ్చటైతే నాకూ సమజైతది సార్" అని నవ్వెటోడు.

అప్పటికే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం గరం మీదుంది. ఒక బంద్ నాడు ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఊరేగింపు మా గల్లీకొచ్చింది. ముందట మా నాయిన. "ఆంధ్రోళ్లు గో బ్యాక్!" అని గొంతు చించుకుంటున్నడు. డాబా మీద సారు బట్టలు ఆరేస్తున్నడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నరు.

ఊరేగింపు అయినంక నాయిన పైకి ఉరికిండు. "అయ్యో సార్, మిమ్మల్ని కాదు! గా పెద్ద పెద్ద లీడర్లనన్న!"

"నాకు తెలుసండీ. ముందు ఈ ఉప్పునీళ్లు పుక్కిలించండి, గొంతు పోయింది" అన్నడు సారు.

నెల తిరగకముందే సారు, ఆయన భార్య ఆంటీ ఇల్లు ఖాళీ చేసి వాళ్ల ఊరికి పోయిండ్రు. ఎవ్వరూ పొమ్మనలే. ఉండుమని నాయిన చేతులు పట్టుకున్నా ఆగలే.

ఆ తర్వాత ఒక్కదాన్నే డాబా ఎక్కేదాన్ని. సగం తెలిసేది, సగం తెల్వకపోయేది. డిగ్రీ అయినంక ఆస్ట్రోఫిజిక్స్ పీజీల సీటొచ్చింది. ఆ సంతోషంల మొదటి ఫోన్ సారుకే చేసిన. ఆంటీ ఎత్తింది. "ఆయన పోయిన చలికాలంలోనే కన్నుమూశారమ్మా. నీకు సీటొస్తుందా లేదా అని అడుగుతూనే ఉండేవారు" అన్నది.

ఏడుపు ఆగలే. కండ్లు తుడుచుకుంట డాబా దిగిన. దుకాణం నుంచి అప్పుడే వచ్చిన నాయినకు సారు పోయిన సంగతి తెల్వదు.

"సారుకు ఫోన్ చేసినవా? నేనన్నది ఆయన్ని కాదని జర మళ్లొకపారి చెప్పినవా బిడ్డా?" అని అడిగిండు.