ఖాళీ బిందెల ఫొటో

పేపర్లో పడితే పని అవుతుందని నమ్మే తరం మాది. కార్ఖానా బస్తీలో మా సందుకి వచ్చే మంచినీళ్లలో మురుగు కలుస్తోందని నెత్తీ నోరూ బాదుకున్నా, నీళ్ల ఆఫీసులో ఎవరూ చెవిన పెట్టలేదు. కింది వాటా అక్క కూతురు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి, కామెర్లతో మంచం పట్టింది. నీళ్లు బాగుపడకపోతే పిల్లని తీసుకుపోతామని బోయిన్‌పల్లి నుంచి అత్తగారు కబురు పెట్టింది. కూతురి కాన్పు తన చేతుల మీదుగా జరగాలని అక్క ఆశ. ఇక లాభం లేదని నేనే విలేకరికి ఫోన్ చేశాను.

ఆయన ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. సీసాలో పట్టిన నీళ్లు చూడమంటూ అక్క ఎదురెళ్లింది. "ఫొటోలో వాసన రాదమ్మా. అందరూ ఖాళీ బిందెలు పట్టుకుని నిలబడండి" అన్నాడు ఫొటోగ్రాఫర్. నీళ్ల గొడవంటే వాళ్లకి ఖాళీ బిందెలే.

"నీళ్లు అస్తున్నయి గద సార్. గబ్బు అస్తున్నయనే గద మా తక్లీఫ్!" అంది అక్క. అంటూనే బిందె పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

మర్నాడు మా ఏరియా పేజీలో ఫొటో వచ్చింది. పైన 'గుక్కెడు నీటికీ కరువే' అని పెద్ద అక్షరాలు. మురుగు మాట ఎక్కడో చివర్న ఉంది. సాయంత్రానికల్లా ట్యాంకర్ వచ్చింది. ఇంత తొందరగా ప్రభుత్వం కదలడం నా జన్మలో చూడలేదు. ఆ మర్నాడు 'మా కథనానికి స్పందన' అని ట్యాంకర్ ఫొటో కూడా వేసుకున్నారు. కుళాయిలో మాత్రం అవే నీళ్లు.

అక్కా నేనూ మళ్లీ నీళ్ల ఆఫీసుకి వెళ్లాం. ఇంజనీరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. "సమస్య తీరిందని పేపర్లోనే వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు.

బయటికొచ్చి విలేకరికి ఫోన్ చేశాను. "ఒకసారి స్పందన పడ్డాక మళ్లీ అదే వార్త డెస్క్‌లో తీసుకోరు మేడం" అన్నాడు.

"పేపర్ల తప్పు అస్తే, అది తప్పని యాడ చెప్పుకోవాలె?" అని అడిగింది అక్క. నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం కూతురి అత్తగారు ఆటో తీసుకుని వచ్చింది. అక్క పుట్టబోయే బిడ్డకని కుట్టి దాచిన మెత్తటి పాత చీర పొత్తిళ్లు తెచ్చి, వియ్యపురాలి చేతిలో పెట్టింది.